గొంతులో సంచి – మెడ కోయకుండా వైద్యం
(సంఘ సభ్యుల కుటుంబ సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



మన వయసువారిలో కొందరు ఉన్నట్టుండి సంతర్పణలకు రావడం మానేస్తారు. అడిగితే "పడటం లేదండీ" అంటారు. ఇంట్లోవాళ్లు చాదస్తం అనుకుంటారు, అబ్బాయి గ్యాసు బిళ్లలు తెచ్చి ఇస్తాడు. అటువంటివారిలో కొద్దిమందికి మింగిన ముద్ద దారి తప్పి గొంతు వెనుక ఒక సంచిలో పడుతూ ఉంటుంది. దీనిని జెంకర్ సంచి అంటారు. 1769లో దీన్ని మొదట వర్ణించినవాడు ఇంగ్లండు సర్జను లడ్లో. పేరు మాత్రం 1877లో విపులంగా రాసిన జర్మన్ వైద్యుడు జెంకర్‌కు దక్కింది. సర్వీసులో ఇటువంటివి మనమూ చూశాం లెండి!

కాలవల మీద లాకులు చూసినవారికి ఇది సులువుగా బోధపడుతుంది. ఆహారనాళం మొదట్లో వలయంలాంటి కండరం ఉంది. మింగగానే అది వదులై దారి ఇవ్వాలి. వయసు మీద అది బిగుసుకుంటే, తలుపు లేవని లాకు దగ్గర గట్టు ఉబ్బినట్టు, పైన బలహీనంగా ఉన్నచోట లోపలిపొర వెనక్కి ఉబ్బి సంచి అవుతుంది.

రాత్రి తిన్న మెతుకులు పులుపు లేకుండా తెల్లవారి తలగడ మీద కనిపించడం, మెడలో గుడగుడ, నోటి దుర్వాసన, పడుకుంటే దగ్గు, బరువు తగ్గడం దీని గుర్తులు. తిన్నది ఊపిరితిత్తుల్లోకి జారితే న్యుమోనియా వస్తుంది. అసలు ప్రమాదం అదే. ఇంకొకటి: బి.పి. బిళ్ల కూడా ఆ సంచిలోనే ఉండిపోవచ్చు. మందు వేసుకుంటున్నా పని చేయడం లేదేమని మనం ఆశ్చర్యపోతూ ఉంటాం.

పూర్వం మెడ కోసి ఆపరేషను చేసేవారు. గొంతు బొంగురుపోయే భయం ఉండేది. ఇప్పుడూ కొందరికి ఆ పద్ధతే అవసరమవుతుంది. నోటి ద్వారా చేసే పద్ధతిలో సంచిని తీయరు. సంచికీ ఆహారనాళానికీ మధ్యనున్న గోడను, అందులోని బిగుసుకున్న కండరంతో సహా కోస్తారు. రెండూ ఒకటై ముద్ద కిందికి దిగిపోతుంది. 1993లో స్టేప్లరు వచ్చింది. కోస్తూనే అంచులు కుట్టేస్తుంది. అయితే దానికి మెడ బాగా వెనక్కి వంచాలి, నోరు పెద్దగా తెరవాలి. మెడనొప్పులవారికి అది కష్టం. 1995 నుంచి వంగే గొట్టంతో చేస్తున్నారు. బయట గాటు ఉండదు, సాధారణంగా కొద్దిరోజులు ద్రవాహారంతో సరిపోతుంది. అయినా రక్తస్రావం, రంధ్రం పడటం వంటి ప్రమాదాలు లేకపోలేదు. కొందరికి బాధ తిరగబెడితే మళ్లీ చేయించుకోవాలి.

రాజోలు నుంచైనా, కొత్తపేట నుంచైనా ముందే హైదరాబాదు పరుగెత్తనక్కరలేదు. అమలాపురం కిమ్స్‌లోగాని, కాకినాడ ప్రభుత్వాసుపత్రిలోగాని చెవి, ముక్కు, గొంతు వైద్యులకు చూపించుకోండి. బేరియం తాగించి తీసే ఎక్స్‌రేలో సంచి తెలుస్తుంది. తిన్నది అలాగే తిరిగివస్తోందని ఎండోస్కోపీకి ముందే డాక్టరుగారికి తప్పక చెప్పండి. తెలియక గొట్టం సంచిలోకి పోతే రంధ్రం పడవచ్చు.

మింగుడు పడకపోవడమంతా ఈ సంచి వల్లే కాదు. క్యాన్సరు కావచ్చు, పక్షవాతం కావచ్చు. అందుచేత వారాల తరబడి ఇంట్లో కూర్చోవద్దు.

ఆపరేషను అవసరమంటే హైదరాబాదులో డాక్టర్ డి. నాగేశ్వరరెడ్డిగారి ఏషియన్ ఇన్‌స్టిట్యూట్ వంటి ఎండోస్కోపీకి పేరున్న కేంద్రాలున్నాయి. బయలుదేరేముందు ఈ చికిత్స మన హెల్త్ కార్డు మీద చేస్తారో లేదో ఆసుపత్రివారిని అడిగి, జవాబు కాగితం మీద తీసుకోండి. బేరియం ఫిల్ములు, వాడుతున్న మందుల చీటీ వెంట ఉంచుకోండి. రక్తం పలచబరిచే మందులు వాడేవారు ఆ సంగతి ముందే చెప్పాలి.