ఎవరి బాకీ ఎవరి నెత్తిన?

(వాడల యువకులకు, మహిళా సంఘాల అక్కలకు మండల కేంద్రంలో పెట్టిన చట్టాల తరగతిలో ఒక ఉపాధ్యాయుడు మాట్లాడిన మాటల పాఠం)



ఊళ్లో కచేరు కాడ రెండు రకాల పంచాయితీలు మీరంత చూసినోళ్లే. ఒకటి జీతగాని పంచాయితీ. పన్నెండేండ్ల పోరడు ఇక పనికి పోనని ఇంట్ల కూసుంటడు. ఆసామి పెద్దమనుషులను కూడేస్తడు. "వీని అయ్య ముప్పై వేలు తిన్నడు. అయ్య కట్టకపోతే కొడుకు కట్టాలె, లేకుంటే వచ్చి పని చెయ్యాలె" అంటడు. పెద్దమనుషులు తల ఊపుతరు. రెండోది ఆడపిల్ల పంచాయితీ. మన వాడ పిల్లకు కడుపైంది. కారణమైనోడు ఆసామి కొడుకు, పదిహేడేండ్లు. అవే అరుగులు, అదే పెద్దమనుషులు. "చిన్నపిల్లగాడు, తెలువక చేసిండు. వాని బతుకు ఖరాబు చెయ్యొద్దు. ఇంత ఇప్పిస్తం, కాయితం రాసుకోండ్రి" అంటరు.

పన్నెండేండ్లోడు అయ్య బాకీకి పెద్దోడయిండు. పదిహేడేండ్లోడు తన బిడ్డకు అయ్య కావడానికి చిన్నోడయిండు. కులం చూసి వయసు లెక్క కడుతున్నరు. చట్టంలో లెక్క దీనికి తలకిందులుగా ఉన్నది.

మొదట అప్పు సంగతి. ఈ దేశంలో పద్దెనిమిది నిండితేనే మేజరు. 1875 నాటి చట్టం అది. మైనరు చేసిన ఒప్పందం చెల్లదని 1872 కాంట్రాక్టు చట్టం. దీని మీద పేరుమోసిన కేసు ఒకటున్నది. కలకత్తాలో ధర్మదాస్ ఘోష్ అనే మైనరు తన ఇళ్లు తాకట్టు పెట్టి వడ్డీ వ్యాపారి దగ్గర అప్పు తీసుకున్నడు. కేసు లండన్ ప్రీవీ కౌన్సిల్ దాకా పోయింది. మైనరు రాసిన కాయితం మొదటి నుంచే చెల్లదు, ఇచ్చిన పైసలు వాపసు ఇప్పించేది కూడా లేదని 1903లో తీర్పు. ఇళ్లున్న పిల్లగానికి నూట ఇరవై ఏండ్ల కిందనే ఈ రక్షణ దొరికింది. మన పిల్లగాని వేలిముద్ర మాత్రం ఊళ్లో ఇప్పటికీ చెల్లుతున్నది.

"వాడు రాయలే, వాని అయ్య రాసిండు" అంటరు గదా. తల్లిదండ్రులు పిల్లల కష్టాన్ని కుదువ పెట్టే ఒప్పందం చెల్లదని 1933లోనే చట్టం చేసిండ్రు. 1976లో వెట్టి చాకిరి నిర్మూలన చట్టం వచ్చింది. తాతలు, తండ్రులు చేసిన అప్పుకు కొడుకు పని చేసుడు వెట్టి కిందికే వస్తది. ఆ అప్పు రద్దు. అది వెట్టి బాకీ కాదని రుజువు చేసే భారం అప్పిచ్చినోని మీదనే ఉన్నది. ఈ ఒక్క మాట గట్టిగ గుర్తు పెట్టుకోండ్రి, ఎందుకంటే పంచాయితీలో రుజువు మనల్నే అడుగుతరు. పద్నాలుగేండ్ల లోపు పిల్లలను ఏ పనిలోనూ పెట్టుకోవద్దని 2016 సవరణ కూడా ఉన్నది. దరఖాస్తు కలెక్టరుకో, ఆర్డీఓకో పెట్టాలె. విడుదల పత్రం చేతికి వచ్చేదాకా వెంట తిరగాలె. అది లేకుంటే పునరావాసం కింద పైసా రాదు.

ఇంకోటి కూడా అంటరు: తండ్రి రుణం తీర్చుడు కొడుకు ధర్మమని. శాస్త్రం పేరు చెప్పి కోర్టుల్లో కూడా చాలా కాలం దీన్ని నడిపించిండ్రు. 2005లో హిందూ వారసత్వ చట్టం సవరించినంక చేసిన అప్పులకు ఆ ధర్మం పేరు మీద కొడుకును పట్టుకునే వీలు లేదు. తండ్రి ఆస్తి వదిలి పోతే ఆ ఆస్తి మేరకే బాకీ. మన తండ్రులు వదిలిపోయిన ఆస్తి ఎంతో మీకు నేను చెప్పాల్నా!

ఇక రెండో పంచాయితీ. పిల్లకు పద్దెనిమిది నిండకపోతే అది పెద్దమనుషులు తెంపే ముచ్చట కానే కాదు. 2012 పోక్సో చట్టం కింద నేరం. తెలిసినోళ్లు పోలీసుకు చెప్పకపోతే వాళ్లకు కూడా శిక్ష ఉన్నది. కాయితం రాయించే పెద్దమనిషికి ఈ సంగతి ముందే చెప్పండ్రి. చేసినోడు పై కులపోడైతే 1989 అట్రాసిటీ చట్టం కూడా అడగాలె.

కేసు ఒక దారి. బిడ్డ తిండి ఇంకో దారి. ఒకటి వేసినమని రెండోది మరువొద్దు. వెనకట క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ 125 సెక్షను అనేటోళ్లం. 2024 జూలై 1 నుంచి అది కొత్త సురక్షా సంహితలో 144 సెక్షను. పెండ్లి అయి పుట్టినా, కాకుండ పుట్టినా బిడ్డను సాకే బాధ్యత తండ్రిదే అని అందులో రాసి ఉన్నది. నెలకు అయిదు వందలు మించొద్దన్న హద్దు 2001లోనే పోయింది. ఇంత పైసలిచ్చి "ఇక బిడ్డకు సంబంధం లేదు" అని రాయించుకున్న కాయితం కోర్టులో నిలువదు. బిడ్డ హక్కు తల్లి అమ్ముకునే సరుకు కాదు.

"నా బిడ్డ కాదు" అంటే? రక్త పరీక్ష అడగొచ్చు. అడగంగనే ఇయ్యరు. కొంత ఆధారం చూపాలె, తల్లికి వేరే పెండ్లి జరిగి ఉంటే ఇంకా కష్టం. కానీ ఎంత పెద్దోడైనా తప్పించుకోలేడు అనడానికి మనకు తెలిసిన మనిషే ఉన్నడు. 2007 నుంచి 2009 దాకా మన గవర్నరుగా ఉన్న ఎన్.డి. తివారీ. రోహిత్ శేఖర్ అనే యువకుడు ఈయనే నా తండ్రి అని ఢిల్లీ హైకోర్టుకు పోయిండు. రక్తం ఇయ్యనని తివారీ సుప్రీంకోర్టు దాకా కొట్లాడిండు. ఇయ్యక తప్పలేదు. 2012 జూలైలో ఆయనే తండ్రి అని తేలింది. అది తిండి ఖర్చుల కేసు కాదు, తండ్రెవరో తేల్చమన్న కేసు. రాజ్‌భవన్‌లో కూర్చున్నోని రక్తం తీసిన కోర్టు ఊరి ఆసామి కొడుకు రక్తం తీయలేదా?

ఇప్పుడు అసలు చిక్కు: తండ్రే మైనరైతే? కొన్ని చోట్ల ఇద్దరి మెడలో దండలేసి పెండ్లి అనిపిస్తరు, ఏడాది తిరగక ముందే పిల్లగాన్ని పట్నం తోలుతరు. దీనికి 2006 బాల్య వివాహాల నిషేధ చట్టంలో జవాబున్నది. పిల్లకు ఇరవై నిండే లోపల ఆ పెండ్లిని రద్దు చెయ్యమని జిల్లా కోర్టుకు పోవచ్చు. ఆమెకు మళ్లా పెండ్లి అయ్యేదాకా మనోవర్తి ఇయ్యమని కోర్టు పిల్లగాన్ని ఆదేశించొచ్చు. వాడు మైనరైతే వాని తల్లిదండ్రులను, సంరక్షకులను ఆదేశించొచ్చు. పుట్టిన బిడ్డ ఖర్చుకు కూడా అంతే. పెండ్లి రద్దయినా బిడ్డ సక్రమ సంతానమే. "చిన్నపిల్లగాడు" అన్న మాటకు చట్టం ఇచ్చే జవాబు ఇది: అయితే వాని అయ్య కట్టాలె.

పెండ్లి లేకుండ పుట్టిన బిడ్డ విషయంలో ఇంత సాఫుగ లేదు. 144 సెక్షనులో తాత పేరు లేదు. స్తోమత ఉండి సాకనోడు అని మాత్రమే ఉన్నది. చదువుకునే పదిహేడేండ్లోనికి స్తోమత లేదని వాని వకీలు వాదిస్తడు. వాదించనీయండ్రి. వానికి పద్దెనిమిది నిండితే ఆ మాట బలం తగ్గుతది. బిడ్డ హక్కు బిడ్డకు పద్దెనిమిది వచ్చేదాకా ఉంటది. అప్పటిదాకా ఆధారాలు జాగ్రత్త.

మన పిల్లగాడే పదిహేడేండ్లకు కేసులో ఇరుక్కుంటే వేరే కథ. పై కులం పిల్లతో తిరిగిండని పట్టుకపోతరు, కాయితంలో పందొమ్మిది అని రాస్తరు. 2015 జువెనైల్ జస్టిస్ చట్టం ప్రకారం వయసుకు మొదటి సాక్ష్యం బడి సర్టిఫికెటు, అది లేకుంటే పంచాయతీ ఇచ్చిన జనన పత్రం, రెండూ లేనప్పుడే ఎముకల పరీక్ష. మైనరును ఠాణా లాకప్పులో పెట్టొద్దు, ఇరవై నాలుగు గంటల్లో బోర్డు ముందుకు తేవాలె. అందుకే సారు నోటికొచ్చిన తేదీ ఏస్తుంటే ఊకోకండ్రి. వాడల్లో సగం మంది పిల్లలు జూన్ నెలలోనే పుట్టినట్టు ఉంటది మా రిజిస్టర్లలో!

బడి ముచ్చట వచ్చింది కాబట్టి, జోగినీల బిడ్డల గురించి ఒక మాట. 1988 చట్టం జోగినిగ విడుచుడును నిషేధించింది. పిల్లలు మాత్రం తండ్రి పేరు గడి కాడ ఆగిపోతనే ఉన్నరు. పెండ్లి కాని తల్లి తండ్రి పేరు చెప్పకుండనే సంరక్షకురాలు కావచ్చని 2015లో సుప్రీంకోర్టు చెప్పింది. గడి ఖాళీగ ఉన్నా చేర్చుకొమ్మని హెడ్మాస్టరును అడగండ్రి. తండ్రెవరో తెలిసి, తల్లికి ధైర్యముంటే అదే 144 సెక్షను ఆమెకు కూడా వర్తిస్తది.

ఈ మాట కొందరు తమ్ముండ్లకు చేదుగ ఉంటది. బొంబాయి పోయి, దుబాయి పోయి భార్యాబిడ్డలను మరిచినోళ్లు మన వాడలో కూడా ఉన్నరు. సంఘం జెండా మోసేటోళ్లు కూడా. "మనోడు గదా, ఇంట్ల తెంపుకుందాం" అని అక్కలను ఆపొద్దు. ఆసామి కొడుకుకు ఒక చట్టం, మనకొకటి అడిగితే మనం ఆ అరుగు మీద కూసున్నట్టే.

భార్య తను ఉండే కాడి కోర్టులోనే దరఖాస్తు వేయొచ్చు. ఎస్సీ ఎస్టీలకు, ఆడవాళ్లకు, పిల్లలకు ఆదాయం చూడకుండ వకీలును ఉచితంగ ఇయ్యాలె. మండల న్యాయసేవా కమిటీకి పోండ్రి, లేదా 15100కు ఫోన్ చెయ్యండ్రి. పిల్లల ఆపదకు 1098. జనన పత్రం, ఆధార్, అతని జీతం, పొలం వివరాలు, ఫోటోలు, దవాఖాన చీటీలు తీసుకపోవాలె. కేసు తెగేదాకా మధ్యంతర మనోవర్తి అడగాలె, అరవై రోజుల్లో తేల్చాలన్న మాట చట్టంలో ఉన్నది. ఆర్డరయినంక కట్టకపోతే ఏడాది లోపలే మళ్లా కోర్టుకు చెప్పాలె, దాటితే ఆ బకాయి పోతది. ఇంకోటి: మనోవర్తి తీర్పు నాటి నుంచి కాదు, దరఖాస్తు వేసిన తేదీ నుంచి ఇప్పించాలని 2020లో సుప్రీంకోర్టు చెప్పింది. ఆలోచించుకుంట ఒక నెల ఆగితే ఆ నెల బిడ్డ పాల పైసలు పోయినట్టే. ఇవాళ వచ్చిన అక్కలలో ఎవరికైనా దరఖాస్తు రాయాల్సి ఉంటే సభ అయినంక ఆగండ్రి, కాయితం కలం నా దగ్గరున్నయి.