దానియేలు కాదనని చదువు



దానియేలు గ్రంథం మొదటి అధ్యాయం మనకు సండేస్కూలు నాటి నుంచి తెలుసు. శాకధాన్యాల పరీక్ష దగ్గరే మనం ఎక్కువగా ఆగిపోతాం. కానీ అంతకుముందు ఇంకో సంగతి ఉంది. చెరపట్టి తెచ్చిన యువకుల్లో తెలివైనవారిని ఏరి, మూడేళ్లు కల్దీయుల భాష, విద్య నేర్పి కొలువులో పెట్టుకోవాలని రాజు అనుకున్నాడు. దానియేలు రాజు భోజనం వద్దన్నాడు. చదువు వద్దనలేదు.

నేడు మన ప్రభుత్వాలు కూడా పట్టభద్రులను ఏరి, జీతమిచ్చి, తమ శాఖల్లో పని నేర్పుతున్నాయి. మనం చెరలో ఉన్నవాళ్లం కాదు, పౌరులం. ఈ అవకాశం మనది కూడా.

తమిళనాడు ముఖ్యమంత్రి ఫెలోషిప్ 2022లో మొదలైంది. రెండేళ్ల పని. వయసు 22 నుంచి 30 లోపు, బీసీ, ఎస్సీ, ఎస్టీలకు సడలింపు ఉంది. ఇంజనీరింగ్, న్యాయం వంటి వృత్తి డిగ్రీలోనో, పీజీలోనో ఫస్ట్ క్లాసు కావాలి. రెండు పరీక్షలు, ఆపైన ఇంటర్వ్యూ ఉంటాయి. మహారాష్ట్రలో ఇలాంటిది 2015లోనే వచ్చింది. అక్కడ 21 నుంచి 26 ఏళ్ల వయసు, 60 శాతం మార్కులు, ఏడాది పని అనుభవం అడుగుతారు. ఒకచోట తమిళం, ఇంకోచోట మరాఠీ తప్పనిసరి.

అక్కడే మనం "తెలుగువాళ్లం కదా" అని వెనకడుగు వేస్తాం. ఎందుకు? వీధిలో తమిళం, ఇంట్లో, గుడిలో తెలుగు మాట్లాడుతూ పెరిగిన పిల్లలు మనవాళ్లు. మన తాతల్లో చాలామంది ఈ ఊళ్ల వీధులు ఊడ్చారు, గనుల్లో దిగారు. వారి అర్జీలు భాష రాక, దారి తెలియక ఆఫీసుల్లో ఆగిపోయాయి. ఆ బల్లకు అవతల కూర్చుని, ఇవతలివారి మాట అర్థం చేసుకోగల బిడ్డ మన సంఘంలోనే ఉన్నాడు.

తల్లిదండ్రులకు ఒక మాట దాచకుండా చెబుతున్నాం. ఇది పర్మినెంటు ఉద్యోగం కాదు. గడువు అయ్యాక ప్రభుత్వ కొలువు ఖాయమనే హామీ లేదు. కానీ ఫైలు ఎలా కదులుతుందో, పథకం మన వాడకు రాకుండా ఎక్కడ ఆగుతుందో తెలుస్తుంది. ఆ తెలివి ఎక్కడికెళ్లినా పనికొస్తుంది.

అడ్డంకులూ నిజమే. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు వల్ల క్రైస్తవులైన దళితులను ఎస్సీలుగా లెక్కించరు. తమిళనాడులో వారిది బీసీ జాబితా. ఈ అన్యాయంపై మన పోరాటం ఆగదు. అది తీరేదాకా చేతులు కట్టుకుని కూర్చోవద్దు.

ప్రతి సంఘం మూడు పనులు చేయాలి. ఇంటర్ చదివే పిల్లలకు ఫస్ట్ క్లాసు ఎందుకు కావాలో ఇప్పుడే చెప్పాలి. ఆదివారం ఆరాధన తర్వాత ఒక గదిలో రాష్ట్ర భాషా పత్రిక, ఇంగ్లీషు పత్రిక చదివించాలి. నోటిఫికేషన్లు కనిపెట్టి దరఖాస్తు నింపించే బాధ్యత ఒకరికి అప్పగించాలి.

యౌవనస్థులారా, రాజు భోజనం ఈనాటికీ ఉంది. సిఫారసు, దొంగ అనుభవ పత్రం, పుట్టిన వాడను చెప్పుకోలేని సిగ్గు. వాటిని వద్దనండి. చదువును మాత్రం వద్దనకండి.

దేవుడు మిమ్మల్ని దీవించును గాక. ఆమేన్.