పదిహేనేళ్ల పిల్లల దిమాగ్
(సొసైటీ వార్షిక సభలో చేసిన ప్రసంగ పాఠం)



బడికి టి.సి. కోసం వచ్చే తండ్రులు మాతో ఒకటే మాట అంటారు. "మాస్టర్‌సాబ్, వీడికి దిమాగ్ లేదు. షెడ్డులో పెడతాను, పనైనా నేర్చుకుంటాడు." కుర్రవాడికి 15 ఏళ్లు. పక్కనే తల వంచుకుని వింటూ ఉంటాడు. ఆ దిమాగ్ సంగతే నాలుగు మాటలు మనవి చేస్తాము.

ఆరేళ్లకే మెదడు పెద్దవాళ్ల మెదడు పరిమాణంలో దాదాపు 90 శాతానికి చేరుతుంది. అందుకని ఎదుగుదల అక్కడితో సరి అని చాలాకాలం అనుకున్నారు. అమెరికాలో జే గీడ్ అనే డాక్టరు, ఆయన తోటివారు ఎమ్మారై యంత్రంతో అదే పిల్లల మెదళ్లను కొన్నేళ్లపాటు మళ్లీ మళ్లీ ఫొటోలు తీసి, 1999లో ఫలితం ప్రకటించారు. నుదుటి వెనక బూడిదరంగు పదార్థం ఆడపిల్లల్లో సుమారు 11, మగపిల్లల్లో 12 ఏళ్ల దాకా పెరిగి, ఆపైన పలుచబడుతుందట. పలుచబడటం నష్టమనుకునేరు! ద్రాక్షతోటలో కొమ్మ కత్తిరిస్తేనే గదా కాపు. వాడని లంకెలు రాలిపోతాయి, వాడినవి గట్టిపడతాయి. కరెంటు తీగకు తొడుగు వేసినట్టు నరాలకు కొవ్వు పొర పడి కబురు వేగంగా పోతుంది. ఆలోచించి అడుగు వేయించేది, కోపాన్ని ఆపేది ఈ నుదుటి వెనక భాగమే. అది పూర్తిగా తయారయ్యేసరికి వయసు పాతిక దగ్గరపడుతుంది.

ఉద్రేకాలు మాత్రం అంతకు ముందే లేస్తాయి. 2005లో గార్డ్‌నర్, స్టైన్‌బర్గ్ అనే ఇద్దరు మోటారు నడిపే ఆట ఒకటి ఆడించి చూశారు. స్నేహితులు పక్కనుంటే పిల్లలు ఎక్కువ తెగించారు, పెద్దవాళ్లలో ఆ తేడా లేదు. ఇంట్లో బుద్ధిమంతుడైన అబ్బాయి ముగ్గురితో బండెక్కితే ఎందుకు మారిపోతాడో తెలిసింది గదా.

నిద్రా అంతే. నిద్ర తెప్పించే మెలటోనిన్ ఈ వయసులో రాత్రి ఆలస్యంగా ఊరుతుంది. ఫజర్‌కు లేవడం లేదని దుప్పటి లాగి తిడతాం. నమాజు మానమని మేము అనడం లేదు (అంటే ఇమాంసాబ్ మమ్మల్ని వదలరు!). రాత్రి ఫోను తీసుకుని, దీపం ముందే ఆర్పండి అంటున్నాం.

మేమూ తప్పు చేశాము. తొమ్మిదో తరగతిలో ఒక అబ్బాయికి లెక్కలు రాకపోతే "నీవల్ల కాదు" అన్నాం, అందరి ముందు. మర్నాటి నుంచి వాడు బడికి రాలేదు. కొన్నేళ్లకు వెల్డింగు షాపులో కనిపించాడు. మా గేటుకు ఎన్ని అడుగుల ఇనుము పడుతుందో, ఎంత వృథా పోతుందో, కాగితం లేకుండా నోటితోనే లెక్క కట్టి చెప్పాడు. సలాం చేసి కుర్చీ కూడా వేశాడు. మాకు నోట మాట రాలేదు.

పదిలో ఫెయిలైతే సప్లిమెంటరీ ఉంది, ఓపెన్ స్కూలు ఉంది. ఆడపిల్లను ఎనిమిదితో మాన్పించే వారికీ ఇదే మనవి. టి.సి. అడిగే ముందు పిల్లవాడిని వెంటబెట్టుకుని ఒకసారి మా ఇంటికి రండి. మగ్రిబ్ తరువాత ఇంట్లోనే ఉంటాము.