తీసెయ్యడం తేలికే, తిరిగి తెచ్చుకోవడమే అసలు పని

  ముందే చెప్పేస్తున్నాను, నేను డాక్టర్ని కాను, డైటీషియన్ని అసలే కాను. డాలస్ దగ్గర ఇరవై ఏళ్ళుగా కాపురం ఉంటూ, ఉద్యోగం చేసుకుంటూ, ఇద్దరు పిల్లల్ని పెంచుకుంటున్న మామూలు మనిషిని. ఎలిమినేషన్ డైట్ చేశాను కదా, దాని గురించి చెప్పమన్నారు. అందులో నేను చేసిన తప్పు గురించి చెబితేనే ఎవరికైనా పనికొస్తుందని ఒప్పుకున్నాను.

నాకు ఐదారేళ్ళు కడుపు ఉబ్బరం ఉండేది. మధ్యాహ్నం భోజనం చేసిన రెండు గంటలకల్లా పొట్ట డోలులా బిగిసిపోయేది. ఆఫీసు మీటింగులో కూర్చోలేక నించునేదాన్ని. వాము నమిలాను, జీలకర్ర నీళ్ళు తాగాను, మా అమ్మ ఫోన్లో చెప్పిన చిట్కాలన్నీ అయ్యాయి. చివరికి డాక్టరు దగ్గరికి వెళితే పరీక్షలు చేసి, పెద్ద జబ్బేమీ లేదు, ఐబీఎస్ అన్నారు. గోధుమ పడని సీలియాక్ జబ్బుకి రక్తపరీక్ష కూడా అప్పుడే చేశారు. ఇది బాగా గుర్తుపెట్టుకోండి. ఈ పరీక్ష చేయించుకునే దాకా గోధుమలు మానకూడదు. గోధుమల్లోని గ్లూటెన్ తింటున్నప్పుడు ఒంట్లో తయారయ్యే యాంటీబాడీల కోసమే ఆ పరీక్షలో చూస్తారు. ముందే మానేస్తే జబ్బు ఉన్నా లేనట్టు వచ్చే ప్రమాదం ఉంది.

ఆ తరవాత నా చేతిలో ఒక కాగితం పెట్టారు, లో ఫాడ్‌మ్యాప్ డైట్ అని. 2005 ప్రాంతంలో ఆస్ట్రేలియాలోని మోనాష్ యూనివర్సిటీ పరిశోధకులు తయారుచేసిన పద్ధతి ఇది. 2021లో అమెరికన్ గ్యాస్ట్రోఎంటరాలజీ కాలేజీ వారు కూడా ఐబీఎస్ వాళ్ళు దీన్ని కొద్దికాలం ప్రయత్నించి చూడవచ్చన్నారు. కొద్దికాలం అన్న మాట మరిచిపోకండి, నేను మరిచిపోయింది దాన్నే.

సంగతి ఏమిటంటే, కొన్ని రకాల పిండిపదార్థాలు, చక్కెరలు చిన్నపేగులో సరిగా అరగవు. అవి పెద్దపేగులోకి వెళితే అక్కడి బాక్టీరియా వాటిని పులియబెట్టి గ్యాసు పుట్టిస్తుంది. వాటితోపాటు నీరు కూడా పేగులోకి చేరుతుంది. అందరికీ ఇదే జరిగినా, పేగు సున్నితంగా ఉన్నవాళ్ళకి అది బాధ అవుతుంది. ఇవి వేటిల్లో ఉంటాయయ్యా అని చూస్తే, మన వంటిల్లంతా అక్కడే కనిపించింది. ఉల్లి, వెల్లుల్లి, గోధుమ, పప్పులు, శనగలు, పాలు, మామిడిపండు, తేనె, కాలీఫ్లవర్, పుట్టగొడుగులు. ఇంక మిగిలిందేమిటండీ!

డైటీషియన్ అపాయింట్‌మెంట్ రెండు నెలల తరవాత గానీ దొరకలేదు. ఆగలేక నేనే మొదలుపెట్టేశాను. "ఉల్లి, వెల్లుల్లి మానడానికి అంత కంగారెందుకే, కార్తీక మాసం వంట అనుకో" అంది మా అమ్మ. నిజమే, ఆ వంట మనకి కొత్తది కాదు. కానీ పప్పు, పాలు కూడా తీసేస్తే మాత్రం చెయ్యి విరిగినట్టయింది. మొదటి వారం పప్పుచారులో ఉల్లిముక్కలు ఏరి పక్కన పెట్టి తిన్నాను. లాభం లేకపోయింది. ఉల్లి, వెల్లుల్లిలో ఉండే ఫ్రక్టాన్లు నీళ్ళలో కరుగుతాయి, ముక్క తీసేసినా చారులో ఉండిపోతాయి. నూనెలో మాత్రం కరగవు. అందుకని నూనెలో వెల్లుల్లి రెబ్బలు వేయించి, తీసేసి, అదే నూనెలో ఆవాలు, జీలకర్ర పోపు పెట్టుకోవచ్చు. వాసనకి వాసన, కడుపుకి హాయి. ఏ పూటకి ఆ పూట చేసుకోండి. ఇంట్లో చేసిన వెల్లుల్లి నూనె బయట నిలవ పెడితే బాట్యులిజం అనే ప్రమాదకరమైన జబ్బు తెచ్చే విషం పుట్టవచ్చు.

మూడు వారాలకి పొట్ట తేలికపడింది. ఎన్నాళ్ళకో కడుపునిండా ఊపిరి పీల్చుకున్నాను. కాగితంలో, రెండు నుంచి ఆరు వారాలయ్యాక ఒక్కొక్కటే తిరిగి తినడం మొదలుపెట్టమని రాసి ఉంది. బాగానే ఉంది కదా, కెలకడం ఎందుకులే అని అక్కడే ఆగిపోయాను. డైటీషియన్ అపాయింట్‌మెంట్ కూడా రద్దు చేసుకున్నాను. ఎప్పుడైనా కాస్త ఉబ్బరిస్తే ఆ రోజు తిన్నదాన్ని కూడా అనుమానించి తీసేసేదాన్ని. వంకాయ పోయింది, టమాటా పోయింది, చింతపండు పోయింది. ఎనిమిది నెలలకి నా కంచంలో అన్నం, బంగాళాదుంప, క్యారెట్, కోడిగుడ్డు మిగిలాయి. పద్నాలుగు పౌండ్లు తగ్గాను. స్నేహితుల ఇళ్ళకి వెళ్ళడం మానేశాను. గుళ్ళో ప్రసాదం చేతిలో పెడితే కాగితంలో చుట్టి మావారికిచ్చేదాన్ని.

ఒకరోజు రాత్రి తొమ్మిదేళ్ళ మా పాప పెరుగన్నం కంచం పక్కకి నెట్టేసింది. "నాకు కూడా ఇంటాలరెన్స్ ఉందమ్మా, రేపట్నుంచి పప్పు కూడా వద్దు" అంది. దానికి ఏ నొప్పీ లేదు. నన్ను చూసి నేర్చుకుంది. తిండంటే భయపడాలని నేనే నేర్పాను. మావారు ఏమీ అనలేదు గానీ, మర్నాడు పొద్దున ఆయనే డైటీషియన్‌కి ఫోన్ చేశారు.

ఆవిడ అన్నదొకటే. "మీరు సగమే చేశారు. తీసెయ్యడం వైద్యం కాదు, పరీక్షకి సిద్ధం కావడం. అసలు పరీక్ష ఇంకా మొదలే కాలేదు."

పరీక్ష ఎలాగంటే, మిగతా తిండి మార్చకుండా ఒక్క రకాన్నే తీసుకోవాలి. మొదటి రోజు కొంచెం, రెండో రోజు ఇంకొంచెం, మూడో రోజు మామూలుగా తినేంత. బాధ కలిగితే ఆపెయ్యాలి. తరవాత రెండు మూడు రోజులు విరామం, ఆపైన ఇంకో రకం. పాలు, గోధుమ, ఉల్లి, వెల్లుల్లి, పప్పు, మామిడిపండు, పుట్టగొడుగులు, ఇలా వరసగా. తిన్నది, ఎంత తిన్నది, ఎలా ఉన్నది నోటుబుక్కులో రాసుకోవాలి. నిద్ర సరిగా లేకపోయినా, ఆఫీసులో టెన్షన్ ఉన్నా అది కూడా రాయాలి. అవి కూడా కడుపుని కదుపుతాయి.

ఎనిమిది వారాల తరవాత లెక్క తేలింది. వెల్లుల్లి నాకు పడదు. ఉల్లి పోపులో కాస్త పరవాలేదు, పచ్చిది పడదు. పాలు గ్లాసెడు తాగితే ఇబ్బంది, కాఫీలోకి సరిపోయేంతైతే ఏమీ కాదు. పెరుగు హాయిగా పడింది. తోడుపెట్టినప్పుడు ఆ బాక్టీరియా పాలలోని లాక్టోజ్‌ని కొంత తినేస్తుందిట. రెండు చపాతీలు సరే. కందిపప్పు నానబెట్టి, ఆ నీళ్ళు పారబోసి వండితే ఒక గరిటెడు తినగలను. మామిడిపండు, టమాటా, వంకాయ, చింతపండు ఏ పాపమూ ఎరగవు. ఎనిమిది నెలలు వాటిని ఊరికే నిందించాను.

చివరిగా కొన్ని జాగ్రత్తలు. ఏదైనా తినగానే దద్దుర్లు, పెదవులు వాయడం, ఊపిరి ఆడకపోవడం ఉంటే అది ఎలర్జీ. దాన్ని ఇంట్లో పరీక్షించుకోకండి. రక్తం పడటం, కారణం లేకుండా బరువు తగ్గడం, జ్వరం ఉంటే ముందు డాక్టరు. పిల్లలకి, గర్భిణీలకి, షుగరు ఉన్నవాళ్ళకి డైటీషియన్ లేకుండా ఈ పని వద్దు. ఇంటర్నెట్లో అమ్మే ఐజీజీ రక్తపరీక్షలకి డబ్బు పొయ్యకండి, ఇంటాలరెన్స్ తేల్చడానికి వాటిని ఎలర్జీ నిపుణుల సంఘాలు ఒప్పుకోవు. ప్యాకెట్ల మీద "కంటైన్స్" అని ఉండే వరస చూసి సరిపెట్టుకోకండి. 2023లో నువ్వులు చేరాక అందులో తొమ్మిది రకాలున్నాయి, ఉల్లి, వెల్లుల్లి వాటిలో లేవు. పదార్థాల జాబితా మొత్తం చదవాలి. సీలియాక్ ఉన్నవాళ్ళు ఇంగువ డబ్బా వెనక కూడా చూసుకోండి, చాలావాటిల్లో గోధుమపిండి కలుపుతారు.

మొదలుపెట్టే రోజునే, తీసెయ్యడం ఏ రోజున ఆపుతారో క్యాలెండర్ మీద రాసి ఇంట్లో అందరికీ కనబడేట్టు పెట్టండి. పిల్లలకి కూడా చెప్పండి, అమ్మ ఇది కొన్నాళ్ళే చేస్తుంది, కడుపు సంగతి కనుక్కోవడానికి అని.

మా పాప మళ్ళీ పెరుగన్నం తింటోంది, మామిడికాయ ఊరగాయతో. ఆవకాయలో వెల్లుల్లి వెయ్యకుండా నాకోసం చిన్న జాడీ ఒకటి వేరే పెట్టి పంపింది మా అమ్మ.