లేజరు చికిత్సకు వయసు లెక్క
(సంఘ సర్వసభ్య సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



నేను డాక్టరును కాను, ఫైళ్లు చూసిన గుమాస్తాను. చిన్ననాటి నుంచీ మైనస్ అద్దాలవాణ్ణి గనుక, కంటి డాక్టర్లను అడిగి తెలుసుకున్న నాలుగు మాటలు మనవి చేస్తాను. "పెళ్లికి ముందే మనవరాలికి లేజరు చేయిద్దామా? నేనూ చేయించుకోవచ్చా?" అని మనవాళ్లు అడుగుతున్నారు. ఈ రెండింటికీ జవాబు వయసును బట్టి ఉంటుంది.

లాసిక్ పద్ధతిలో లేజరు కిరణం కంటి ముందుండే కార్నియాను కొద్దిగా చెక్కి, దాని వంపు తగ్గిస్తుంది. ఆ పొర మందం సుమారు అర మిల్లీమీటరే. లోపలి కటకం జోలికి లేజరు పోదు. కానీ వయసుతో మారేది ఆ కటకమే.

18 ఏళ్లు నిండనివారికి సాధారణంగా లాసిక్ చేయరు. కన్ను ఇంకా పెరుగుతుంటే మళ్లీ అద్దాలు రావచ్చు. 18 నిండినా, కనీసం ఏడాదిపాటు పవరు నిలకడగా ఉండాలి. కొందరికి 20 దాటినా పెరుగుతుంది. కనుక పెళ్లి ముహూర్తం కన్నా పాత కళ్లజోడు చీటీలు ముందు చూడండి.

40 దాటితే చత్వారం. మైనస్ ఉన్న మనలో చాలామంది అద్దాలు తీసి పేపరు చదువుకుంటాం. ఇది ప్రకృతి ఇచ్చిన అలవెన్సు. దూరపు చూపు పూర్తిగా సరిచేయిస్తే ఈ అలవెన్సు రద్దయి, చదవడానికి అద్దాలు వస్తాయి.

60 దాటినవారు ముందు శుక్లం ఉందో లేదో చూపించుకోవాలి. కటకం మసకబారితే కార్నియా చెక్కి ప్రయోజనం లేదు. శుక్లం ఆపరేషన్‌లో అమర్చే కృత్రిమ కటకంతోనే మైనస్ పవరు కూడా చాలావరకు సరిచేయవచ్చు. గ్రాట్యుటీ డబ్బు రెండుసార్లు ఖర్చు చేయడం దేనికి? పైగా వయసుతో కంటి తడి తగ్గుతుంది. లాసిక్ తర్వాత ఆ పొడితనం ఇంకా పెరగవచ్చు.

చివరగా ఒక గుమాస్తా సలహా. లాసిక్ చేయించుకున్నవారికి తర్వాతెప్పుడో శుక్లం వస్తే, కృత్రిమ కటకం పవరు లెక్కకట్టడం కష్టమవుతుంది. అప్పుడు లాసిక్‌కు ముందటి కొలతలు డాక్టరుకు ఉపయోగపడతాయి. ఆ కాగితాలను సర్వీసు రిజిస్టరులా భద్రపరచండి. మనవరాలికి శుక్లం వచ్చేనాటికి మనం ఉండం, ఆ కాగితం ఉండాలి.