ఐదో కాంటూరు, నలభై ఒకటో కాంటూరు: గీత ఎవరిది?

(తాడేపల్లిగూడెంలో చదువుకుంటున్న ఆదివాసీ విద్యార్థులతో మాట్లాడిన ప్రసంగ పాఠం)



మీలో చాలామంది బుట్టాయగూడెం, పోలవరం, కుక్కునూరు, వేలేరుపాడు వైపు నుంచి వచ్చి ఇక్కడ హాస్టళ్లలో ఉంటున్నారు. పండక్కి ఇంటికి పోయేటప్పుడు దారిలో ఒక గీత దాటుతారు. నేల మీద అది కనపడదు. గీతకు ఇటు మైదానం, అటు షెడ్యూల్డ్ ప్రాంతం. అటువైపు భూమిని గిరిజనేతరుడికి రాసిస్తే చెల్లదు, 1970 నాటి 1వ రెగ్యులేషన్ అడ్డం నిలబడుతుంది. ఇటువైపు ఆ రక్షణ లేదు. జోన్ అంటే ఇదే. ఒక గీత గీసి, లోపల ఒక చట్టం, బయట ఒక చట్టం అని చెప్పడం.

ఈ గీతలు ఎవరు గీస్తారు, ఎవరు జరపగలరు, ఎవరు కాపలా కాస్తారు? దగ్గర్లోనే ఉన్న కొల్లేరుతో మొదలుపెడతాను.

కృష్ణా, గోదావరి డెల్టాల మధ్య పల్లంలో ఉంది కొల్లేరు. బుడమేరు, తమ్మిలేరు నీళ్లు అందులోకి వస్తాయి, ఉప్పుటేరు గుండా సముద్రానికి పోతాయి. 1999లో ప్రభుత్వం 120 నంబరు జీవోతో ఐదో కాంటూరు దాకా 308 చదరపు కిలోమీటర్లను అభయారణ్యంగా ప్రకటించింది. కాంటూరు అంటే ఒకే ఎత్తులో ఉన్న చోట్లను కలుపుతూ పోయే గీత. ఐదో కాంటూరు అంటే సముద్ర మట్టానికి ఐదు అడుగుల ఎత్తు. దాని లోపల చేపల చెరువులకు వీల్లేదు. గీత లోపల పట్టా భూములున్నాయి, ఊళ్లూ ఉన్నాయి.

2006లో ఆపరేషన్ కొల్లేరు పేరుతో చెరువు గట్లు కొట్టేశారు. చెరువుల మీద కూలి చేసుకునే వాళ్లు, చిన్న జాలరులు ముందు దెబ్బతిన్నారు. డబ్బున్న వాళ్లు కొన్నాళ్లు ఆగి మళ్లీ గట్లు పోసుకున్నారు. 2008లో శాసనసభ, ఐదో కాంటూరును మూడుకు తగ్గించమని తీర్మానం చేసి పంపింది.

మరి గీత జరిగిందా? ఆ తీర్మానంతో జరగలేదు. వన్యప్రాణి సంరక్షణ చట్టం 26-ఎ సెక్షన్ ప్రకారం అభయారణ్యం హద్దు మార్చాలంటే జాతీయ వన్యప్రాణి బోర్డు సిఫారసు ఉండాలి. కేంద్రం వేసిన అజీజ్ కమిటీ తగ్గించొద్దనే చెప్పింది. అంటే గీత గీసింది రాష్ట్రమే అయినా, చెరపాలంటే తాళంచెవి ఇంకొకరి దగ్గర ఉంది.

మన షెడ్యూల్డ్ ప్రాంతానికీ ఇలాంటి తాళమే ఉంది. ఐదో షెడ్యూలు ప్రకారం ఆ హద్దు మార్చే అధికారం రాష్ట్రపతిది. శాసనసభలో చేతులెత్తినంత మాత్రాన అది పోదు. ఈ మాట గుర్తుపెట్టుకోండి, ఎవరైనా భయపెడితే చెప్పడానికి పనికొస్తుంది.

ఇప్పుడు గీత పుట్టే పద్ధతి చూద్దాం. అభయారణ్యం చెయ్యాలంటే ఆ ప్రాంతంలో ఎవరికి ఏ హక్కులున్నాయో కలెక్టరు విచారించాలి. ప్రకటన స్థానిక భాషలో ఊరూరా తెలియాలి. హక్కు చెప్పుకోడానికి రెండు నెలల గడువు ఉంటుంది. అభయారణ్యం చుట్టూ ఎకో సెన్సిటివ్ జోన్ పెట్టాలంటే కేంద్ర పర్యావరణ శాఖ ముందు ముసాయిదాను గెజిట్‌లో వేస్తుంది. అభ్యంతరాలకు అరవై రోజులు. తర్వాత తుది నోటిఫికేషన్, దాని మీద జోనల్ మాస్టర్ ప్లాన్, అమలు చూడ్డానికి పర్యవేక్షణ కమిటీ. కాగితం మీద అన్నీ ఉన్నాయి. కానీ ఢిల్లీ గెజిట్‌లో పడిన ముసాయిదా కొండ మీది గూడేనికి చేరేసరికి అరవై రోజులు ఎప్పుడో అయిపోతాయి.

ఇక మన కాంటూరు సంగతి. పోలవరం ప్రాజెక్టు పూర్తి నీటిమట్టం 45.72 మీటర్లు. పునరావాసాన్ని మాత్రం రెండు దశలు చేశారు. 41.15 మీటర్ల కాంటూరు లోపల ఉన్న వాళ్లు ముందు, పైన ఉన్న వాళ్లు తర్వాత. 2022 జూలైలో గోదావరి పొంగింది. కుక్కునూరు, వేలేరుపాడు మండలాల్లో, కాంటూరుకు పైన ఉన్నాయని లెక్కేసిన ఊళ్లలోకి కూడా నీళ్లొచ్చాయి. కాగితం ప్రకారం వాళ్లు ఇంకా ముంపు వాళ్లు కాదు. ఇంట్లో నీళ్లు మాత్రం నిజం. మమ్మల్నీ మొదటి దశలో చేర్చండని జనం రోడ్డెక్కాల్సి వచ్చింది.

ఏలూరు జిల్లాలోనే ఈ రెండు కాంటూర్లూ ఉన్నాయి. తేడా ఎక్కడుందో ఆలోచించండి. కొల్లేరులో చెరువున్న ఏ ఆసామిని అడిగినా ఐదో కాంటూరు ఎక్కడ పోతుందో, మూడుకు తగ్గితే ఎన్నెకరాలు బయటపడతాయో నోటి మీద చెబుతాడు. నంబరు తెలుసు కాబట్టే శాసనసభ దాకా తీసుకుపోగలిగారు. మన గూడేల్లో చాలామందికి 41.15 అనే అంకె నీళ్లొచ్చాకే తెలిసింది. అన్యాయం గీత గీయడంలో ఒక్కటే లేదు. గీసేటప్పుడు మనకు చెప్పకపోవడంలో కూడా ఉంది.

చెప్పకుండా గీయడానికి వీల్లేదని చట్టాలే అంటున్నాయి. 1996 పెసా చట్టం, షెడ్యూల్డ్ ప్రాంతంలో భూసేకరణకూ పునరావాసానికీ ముందు సంప్రదించమంది. 2013 భూసేకరణ చట్టం గ్రామసభ ముందస్తు సమ్మతి అడిగింది. 2006 అటవీ హక్కుల చట్టం, హక్కుల గుర్తింపు పూర్తయ్యే దాకా అడవిలో ఉన్నవాళ్లను ఖాళీ చేయించొద్దంది. దాని గ్రామసభకు సగం మంది రావాలి, వచ్చిన వాళ్లలో మూడో వంతు ఆడవాళ్లు ఉండాలి.

మా పక్క గూడెంలో ఒకసారి ఒక రిజిస్టరు పట్టుకుని ఇంటింటికీ వచ్చారు. "రేషన్ కోసం" అన్నారు. అమ్మలు, అవ్వలు వేలిముద్రలు వేశారు. తర్వాత తెలిసింది, అది గ్రామసభ తీర్మానమట. సభ జరగలేదు, తీర్మానం మాత్రం జరిగిపోయింది. ఆ పేజీ పైన రాసింది చదివి చెప్పడానికి ఆ పూట ఊళ్లో చదువుకున్న పిల్లాడు ఒక్కడూ లేడు. అందరూ హాస్టళ్లలో ఉన్నారు.

అందుకే మిమ్మల్ని మూడు పనులు అడుగుతున్నాను. ఒకటి, మీ ఊరు ఏ గీతలో ఉందో తెలుసుకోండి. షెడ్యూల్డ్ ప్రాంతమా, పాపికొండల నేషనల్ పార్కు పక్కనా, ఏ కాంటూరు మీద? మ్యాపు ఇవ్వకపోతే సమాచార హక్కు కింద అర్జీ పెట్టండి. ముప్పై రోజుల్లో జవాబివ్వాలి. రెండు, సెలవుల్లో ఇంటికెళ్లినప్పుడు గ్రామసభ తీర్మానాల పుస్తకం అడిగి చూడండి, ఫోటో తీసుకోండి. మూడు, ముసాయిదా ఏదైనా వస్తే గడువు తేదీ ఊరి వాట్సాప్ గ్రూపులో పెట్టి, అభ్యంతరం రాసి, అందినట్టు రసీదు తీసుకోండి.

ఈసారి ఇంటికి పోయినప్పుడు మీ అవ్వను అడగండి, మన ఊరి పొలిమేర ఎక్కడని. ఆమె వాగు, రాయి, చెట్టు చూపిస్తుంది. అవి ఒక కాగితం మీద గీసుకుని తీసుకురండి. ప్రభుత్వం మ్యాపు పక్కన పెట్టి చూద్దాం. వచ్చే సమావేశం అక్కణ్నుంచే మొదలుపెడదాం.

జోహార్.