అణువులో స్వల్ప మార్పు, మాత్రలో అధిక బలము
(మన సంఘ సమావేశమున చేసిన ప్రసంగ పాఠము)



వర్తకులమగుట మనకు తూకముపై గురి యెక్కువ. మందుల యెడ ఆ గురి పనికిరాదు. 20 మిల్లీగ్రాముల హైడ్రోకార్టిసోను చేయు పనిని ప్రెడ్నిసొలోను 5 మిల్లీగ్రాములతోను, డెక్సామెథసోను 0.75 మిల్లీగ్రాముతోను చేయును.

మూత్రపిండములపై నున్న అడ్రినల్ గ్రంథులు కార్టిసాల్ అను హార్మోనును స్రవించును. హైడ్రోకార్టిసోను దానికే మందుగా పెట్టిన పేరు. కణములలోని గ్రాహకము ఈ యణువును పట్టుకొని కేంద్రకమున ప్రవేశించి, వాపు కలిగించు పదార్థముల తయారీని తగ్గించును. 1948లో అమెరికాలోని మేయో క్లినిక్కున హెంచ్ అను వైద్యుడు కీళ్లవాత రోగికి కార్టిసోను నిచ్చి గుణము చూచెను. 1950లో ఆయనకును, కెండాల్, రైక్‌స్టైనులకును నోబెల్ బహుమతి లభించెను. చిత్రమేమన, కార్టిసోను స్వయముగా గ్రాహకమున కమరదు. కాలేయము దానిని కార్టిసాలుగా మార్చిన పిదపనే పనిచేయును.

అయితే ఆ మందు దేహమున ఉప్పును, నీటిని నిలుపుచుండెను. రసాయనజ్ఞులు అణువును దిద్దసాగిరి. మొదటి రెండు కర్బనముల నడుమ ద్విబంధము చేర్చగా బలము నాలుగు రెట్లయ్యెను, అదియే ప్రెడ్నిసొలోను. తొమ్మిదవ కర్బనమున ఫ్లోరిను చేర్చగా బలము హెచ్చెను గాని, ఉప్పును నిలుపు గుణము అంతకన్న హెచ్చెను. పదునారవ కర్బనమున మిథైలు చేర్చిన తరువాత ఆ దోషము దాదాపుగ తొలగెను. ఈ మూడు మార్పులును గలది డెక్సామెథసోను. 2020లో బ్రిటనున జరిగిన పరీక్షలో దినమునకు 6 మిల్లీగ్రాముల మోతాదు, ప్రాణవాయువు అవసరమైన కోవిడ్ రోగులలో మరణములను తగ్గించెను. అవసరము లేనివారికి మేలు చేయలేదు.

ఉప్పు దోషమును విడదీయగలిగిరి గాని తక్కిన దోషములను విడదీయలేకపోయిరి. వాపును తగ్గించు గ్రాహకమే రక్తమున చక్కెరను పెంచును, ఎముకలను పలుచన చేయును. దీర్ఘకాలము వాడినచో సొంత గ్రంథులు పని మరచును. అప్పుడు హఠాత్తుగా మానుట ప్రాణాపాయము. మోకాళ్ల నొప్పికని, ఆయాసమునకని చీటి లేకయే ఈ మాత్రలు కొని తెచ్చుకొనువారు మనలో లేకపోలేదు. చిన్న మాత్రయే గదా యందురు! చిన్నదగుటయే దాని బలము. ఇప్పటికే వాడుచున్నవారు భయపడి నేడే మానరాదు. వైద్యుడు చెప్పిన వరుసలో తగ్గించుకొనవలెను.

ఇచ్చటి వైద్యులతో మన వృద్ధులకు భాష చాలదు. కావున ఆదివారము ఉదయము ఇంట నున్న మాత్రల అట్టలను సంఘ భవనమునకు తెండు. ఫార్మసీ చదివిన మన యువకుడొకడు వాని పేర్లు, మోతాదులు చీటిపై వ్రాసి యిచ్చును. ఆ చీటిని వైద్యునికి చూపుడు.